చేనంతా చూడకు, నీ మునుం చూడు
నడక మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నల్లమల అడవి లోయలో ఉన్న లింగమయ్య సన్నిధిలో జరిగే సలేశ్వరం జాతర దగ్గరపడుతోంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కాళ్ల గురించి అడిగినవాళ్లు తక్కువ, మనసు గురించి అడిగినవాళ్లు ఎక్కువ. అందుకని బూట్లు, బ్యాగుల ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి ఈ ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. అందులో అడిగింది చాలామందికి ఉన్న బాధే కాబట్టి కుదించలేదు.

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగం చేస్తున్న, వయసు 26. పోయిన ఏడు ఐదుగురు దోస్తులం కలిసి సలేశ్వరం పోయినం. నడిచేది ఎక్కువేం లేదు, ఐదు కిలోమీటర్లే అన్నరు. పోయేటప్పుడు బాగానే పోయిన, దర్శనం కూడా అయింది. తిరిగి ఎక్కేటప్పుడు ఓ బండ మీద కూర్చున్న, ఇక లేవలేకపోయిన. కాళ్లు నొస్తున్నయని కాదు సార్, లేవాలనే అనిపించలేదు, ఏడుపొచ్చింది. మా వాళ్లు ముందుకెళ్లిపోయిన్రు. ఎవరో పెద్దాయన చెయ్యి పట్టి లేపిండు. ఇప్పటికీ దోస్తులు ఆ ముచ్చట తీసి నవ్వుతరు. నా మనసే బలహీనమా? ఈసారి మళ్లీ పోదామనుంది, కానీ ఆ బండ గుర్తొస్తేనే టెన్షన్.

జవాబు: తమ్ముడూ, ముందు ఒకటి అడుగుతాను. బయల్దేరిన ముందు రాత్రి పడుకున్నావా? నువ్వు రాయలేదు గానీ, నైట్ షిఫ్ట్ చేసే పిల్లలు జాతరకు ఎలా వస్తారో నాకు తెలుసు. షిఫ్ట్ దిగి, స్నానం చేసి, కారెక్కి, దారిలో పూరీ తిని, ఎండ నడినెత్తికి వచ్చేసరికి అడవిలో దిగుతారు. అలా వచ్చినవాడి కాళ్లు తాజాగానే ఉంటాయి, మెదడు మాత్రం అప్పటికే పన్నెండు గంటలు పనిచేసి ఉంటుంది.

దీని మీద ఒక మంచి పరిశోధన ఉంది. 2009లో బ్రిటన్‌లో శామ్యూల్ మార్కోరా అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కలిసి పదహారు మందితో సైకిల్ తొక్కించారు. ఒక రోజు మామూలుగా తొక్కించారు, ఇంకో రోజు గంటన్నర సేపు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బుర్రకు గట్టిగా పని చెప్పి ఆ తర్వాత తొక్కించారు. బుర్ర అలిసిన రోజున సగటున తొందరగా వదిలేశారు. గుండె, ఊపిరి, కండరాలు రెండు రోజులూ దాదాపు ఒకేలా పనిచేశాయి. తేడా అంతా వాళ్లకు అనిపించడంలోనే ఉంది, అదే శ్రమ ఎక్కువ కష్టంగా తోచింది. నీ బండ మీద జరిగింది అదే అని నా నమ్మకం. నువ్వు బలహీనుడివి కాదు, అలిసిన మెదడుతో కొండకు పోయావు. కాబట్టి ఈసారి నీ మొదటి సాధన నిద్రే. జాతరకు ముందు రెండు రాత్రులు సెలవు పెట్టి పడుకో. జీతం కోస్తే కోయనీ.

ఇక దారిలో ఏం చేయాలో చెప్తాను. నేను ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ స్కూళ్లలో పీఈటీగా చేశాను, పిల్లల్ని దేవరకొండ కోటకూ రాచకొండకూ భువనగిరి గుండుకూ ఎన్నోసార్లు ఎక్కించాను. అయినా నడక గురించి నాకు తెలిసిన అసలు మాట వ్యాయామ విద్యలో నేర్చుకున్నది కాదు. మా అమ్మ కూలికి పోయే చేన్లో నేర్చుకున్నది.

నీకు మునుం అంటే తెలిసే ఉంటుంది, మీ ఇంట్లో అమ్మనడిగినా చెప్తుంది. కలుపుకో కోతకో దిగినప్పుడు ఆడవాళ్లు వరసగా నిలబడి ఒక్కొక్కరు కొన్ని సాళ్లు పట్టుకుంటారు, అదే వాళ్ల మునుం. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ దిగేవాణ్ని. ఐదు నిమిషాలకోసారి నడుం ఎత్తి చేను ఆ చివర దాకా చూసేవాణ్ని, చూసిన ప్రతిసారీ నీరసం వచ్చేది. మా అమ్మ మాత్రం తలెత్తేది కాదు. "చేనంతా చూస్తే చెయ్యి ఆడదు బిడ్డా, నీ మునుం చూడు" అనేది. తనతో తను కూడా "ఇంకొక్క మునుమే" అనుకునేది, అది ఎన్నో మునుమో ఎప్పుడూ లెక్కపెట్టేది కాదు.

నడకలో మనిషిని కూలేసేది "ఇంకెంత దూరం" అనే లెక్క. కాళ్లు ఒక అడుగు వేస్తుంటే మనసు మిగిలిన పదివేల అడుగుల్నీ ఒకేసారి మోస్తుంది. నువ్వు బండ మీద కూర్చున్నప్పుడు తలెత్తి పైకి చూసే ఉంటావు, మనుషులు చీమల్లా ఎక్కుతుంటారు, ఆ చివర ఎక్కడో ఆకాశం. అక్కడే పోయింది ప్రాణం. ఈసారి ఎక్కేటప్పుడు పైకి చూడకు. ఇరవై అడుగుల దూరంలో ఉన్న చెట్టో రాయో పట్టుకో, అదే నీ మునుం. అక్కడికి పోయాక నిలబడి, కర్ర మీద ఆనుకొని, పది ఊపిర్లు తీసుకో, తర్వాత ఇంకోటి పట్టుకో. కూర్చోవద్దని అనను గానీ కూర్చుంటే ఐదు నిమిషాలే, అంతకు మించితే కాళ్లు బిగుసుకుంటాయి, మనసు కూడా బిగుసుకుంటుంది. పక్కవాడితో ఒక పూర్తి మాట మాట్లాడలేనంతగా ఆయాసం వస్తుంటే నీ వేగం ఎక్కువైనట్టు, తగ్గించు. చెంచులు ఆ అడవిలో నడిచే తీరు గమనించు. తొందరా ఉండదు, ఆగడమూ ఉండదు, పొద్దున ఎలా నడిచారో సాయంత్రం అలాగే నడుస్తారు.

సలేశ్వరం దారిలో నీకు ఇంకో సాయం ఉంది. పోయేటప్పుడు అందరూ "వత్తన్నం వత్తన్నం లింగమయ్యో" అంటారు, వచ్చేటప్పుడు "పోతన్నం పోతన్నం లింగమయ్యో" అంటారు. ఈ కేక నేను చాలాసార్లు విన్నాను, కానీ దాని పనితనం ఆలస్యంగా అర్థమైంది. అందులో ఎంత దూరం వచ్చామన్న మాట లేదు, ఎప్పుడు చేరుతామన్న మాట లేదు. వత్తన్నం, అంతే. ఇప్పుడు వేస్తున్న అడుగు గురించే ఆ మాట. పైగా ముందొకరు అంటే వెనక పదిమంది అందుకుంటారు కాబట్టి ఊపిరి ఒక వరసలో పడుతుంది, నాట్లలో ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ల చేతులు ఒక్క తీరుగా ఆడినట్టు. చాలామంది కుర్రాళ్లు పోయేటప్పుడు గొంతు చించుకొని అరుస్తారు, వచ్చేటప్పుడు ఒక్కడూ నోరు విప్పడు. అసలు అవసరమైంది అప్పుడే తమ్ముడూ. సిగ్గుపడకుండా అను, బిగ్గరగా కాకపోయినా పెదాల మీద అను.

నువ్వు తిరుగు దారిలోనే ఎందుకు పడ్డావో కూడా ఆలోచించు. సలేశ్వరం లోయలో ఉంది. మామూలు కొండకు ముందు ఎక్కుడు, తర్వాత దిగుడు. అక్కడ తలకిందులు, దేవుణ్ని చూడ్డానికి దిగుతావు, ఇంటికి రావడానికి ఎక్కుతావు. దర్శనం అయిపోయిందంటే మనసు "పనైపోయింది" అని మూట కట్టేస్తుంది, కష్టమైన సగమేమో అప్పుడే మొదలవుతుంది. కాబట్టి ఇంటి దగ్గరే మనసుకు చెప్పి పెట్టు, గుండం దగ్గరికి పోవడం సగమే, పైకొచ్చి కారెక్కినప్పుడే నడక పూర్తి అని.

ఐదు కిలోమీటర్లే అన్న మాట కూడా నిన్ను మోసం చేసింది. కొండదారిని కిలోమీటర్లలో కొలవకూడదు, గంటల్లో కొలవాలి. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ కొండలెక్కే మనిషి 1892లోనే ఒక లెక్క చెప్పాడు, సమతలం మీద ఐదు కిలోమీటర్లకు గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట కలుపుకోమని. అది చల్లటి దేశంలో, బలమైన మనిషికి, ఆగకుండా నడిస్తే. మన ఏప్రిల్ ఎండకూ ఆ జాతర జనానికీ నేనైతే దాన్ని రెండింతలు చేసుకుంటాను. ముందే ఐదారు గంటలు అనుకొని పోయినవాడికి నాలుగో గంటలో దిగులు రాదు, గంటన్నర అనుకొని పోయినవాడికి రెండో గంటలోనే వస్తుంది.

తిండి సంగతి. గట్టిగా శ్రమ చేస్తే ఒంట్లో దాచుకున్న చక్కెర గంటన్నర, రెండు గంటల్లో బాగా తగ్గిపోతుంది. ఆ చక్కెర మీదే మెదడు కూడా బతుకుతుంది కాబట్టి అది తగ్గినప్పుడు ముందు వచ్చేది కాళ్ల నొప్పి కాదు, విసుగు, కోపం, ఒక్కోసారి ఏడుపు. నా పిల్లలకు నేను పెట్టిన నియమం ఒకటే, ఏడుపొస్తే ముందు తిను, తర్వాత ఏడువు. పల్లిపట్టి, బెల్లం అటుకులు, ఖర్జూరం జేబులో పెట్టుకో, బ్యాగు అడుగున వద్దు. ముప్పావు గంటకోసారి ఆకలి లేకపోయినా ఒక ముక్క నోట్లో వేసుకో. నీళ్లు గంటకు అర లీటరుకు తగ్గకుండా గుటక గుటకగా తాగు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలిచింది. ఉప్పు ఎక్కువైతే చెడు చేస్తుంది.

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట, దయచేసి దాటేయకు. మనసును గట్టి చేసుకోవడం అంటే ఒంటి మాట వినకపోవడం కాదు. అలుపు వేరు, ప్రమాదం వేరు. నీడలో పది నిమిషాలు ఆగి, నీళ్లు తాగి, ఏదైనా తిన్నాక ప్రాణం లేచొస్తే అది అలుపు, మళ్లీ నడువు. ఆగినా తల తిరుగుతుంటే, వాంతులైతే, ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే, ఛాతీలో బరువు అనిపిస్తే అది అలుపు కాదు. అక్కడ పట్టుదల చూపిస్తే ప్రాణం పోతుంది. మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు చల్లి విసరాలి, ఒకరు వెంటనే సాయానికి పోవాలి. నల్లమల లోపల ఫోన్ సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి జంటలుగానైనా ఉండాలి.

అందుకే నీ దోస్తుల మీద నాకు కోపంగా ఉంది. కూర్చున్నవాణ్ని వదిలి ముందుకు పోవడం తప్పు. ఆ తప్పు నేనూ చేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో రాచకొండకు నలభై మంది పిల్లల్ని తీసుకుపోయి నేను ముందు నడిచాను. పైకి చేరి తలలు లెక్కపెడితే ఒకడు తక్కువ. వెనక్కి పరుగెత్తితే ఎనిమిదో తరగతి పిల్లాడు గుండ్ల మధ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు, నీళ్లు అయిపోయాయి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నన్ను చూసి "సార్, నన్ను మర్చిపోయిన్రా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ రోజు నుంచి అందరికంటే నెమ్మదిగా నడిచేవాణ్ని ముందు పెట్టి, వాడి వేగానికే అందరినీ నడిపించాను, నేను చివర నడిచాను. ముందు నడిచేవాడికి తను వెనకబడ్డానన్న బాధ ఉండదు, అలుపులో సగం ఆ బాధే. ఈ పేరా మీ వాళ్లకు చదివి వినిపించు. ఈసారి నువ్వు ముందు నడువు. తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే లోయలోంచి పైకి వచ్చేలా చూసుకోండి. ఆ బండ కనిపిస్తే దాని మీద కూర్చుని పల్లిపట్టి తిని లే.

ప్రశ్న: నమస్తే సార్. మాది మిర్యాలగూడ వైపు, వయసు 52. పోయిన ఏడు శివరాత్రికి మాల వేసుకున్న మావాళ్లతో శ్రీశైలం పాదయాత్రకు బయల్దేరాను. రెండు రోజులు ఉషారుగా నడిచాను. డిండి దాటాక మూడో రోజు కాళ్లకు బొబ్బలు, తొడలు కదలవు, అడుగు వేస్తే కన్నీళ్లు. జీపు ఎక్కించారు. మొక్కు తప్పానేమో అని ఏడాదిగా మనసు పీకుతోంది. వచ్చే శివరాత్రికి మళ్లీ నడవగలనా?

జవాబు: అమ్మా, నడవగలరు. మొక్కు విషయం చెప్పడానికి నేను పెద్దవాణ్ని కాను, మీ గురుస్వామిని అడగండి. కానీ బొబ్బలు లేచేదాకా నడిచిన మనిషి మీద శివుడు కోపం పెట్టుకుంటాడని నేనైతే అనుకోను.

మూడో రోజే ఎందుకు అలా అయిందో చెప్తాను, తెలిస్తే భయం సగం పోతుంది. అలవాటు లేని నడక, అందులోనూ దిగుడు దారి, కండరాల్లో సన్నగా దెబ్బలు చేస్తుంది. ఆ నొప్పి అప్పుడే రాదు, ఒక రోజు తర్వాత మొదలై రెండో మూడో రోజుకు బాగా ముదురుతుంది, ఆ తర్వాత దానంతట అదే తగ్గుతుంది. అంటే మీరు జీపు ఎక్కిన రోజు మీ ఒంటికి అన్నిటికంటే కష్టమైన రోజు. "మూడో రోజే ఇట్లుంటే ఇంకా నల్లమల ఘాటు ఎట్లా" అని మనసు అనుకోవడం సహజం. కానీ చాలామందికి నాలుగో రోజు మూడో రోజు కంటే తేలికగా ఉంటుంది. వచ్చేసారి మూడో రోజును ముందే గుర్తు పెట్టుకొని ఆ రోజుకు దూరం తగ్గించుకోండి. మీ బృందం ఒప్పుకోకపోతే మీలాగే నెమ్మదిగా నడిచే ఇద్దరు ముగ్గురిని జత చేసుకొని వేరుగా నడవండి. ఒంటరిగా మాత్రం వద్దు.

సాధన ఇప్పటి నుంచే మొదలుపెట్టొచ్చు, తొందరేం లేదు. వారంలో నాలుగు రోజులు గంట నడవండి. దీపావళి దాటాక వారానికోసారి వరసగా రెండు రోజులు దూరం నడవండి. ఒక రోజు నడవడం ఎవరైనా చేస్తారు, నొస్తున్న కాళ్లతో రెండో పొద్దున లేచి మళ్లీ చెప్పులేసుకోవడం అసలు సాధన. అది ఇంటి దగ్గర పదిసార్లు చేసినవారికి దారిలో కొత్తగా అనిపించదు.

పాదాల సంగతి మనసు సంగతి కూడా. చిన్న బొబ్బ మనిషి ధైర్యాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. మొక్కులో చెప్పులు వేసుకోకూడదనే నియమం మీకు ఉంటే ఆ విషయం గురుస్వామితో మాట్లాడి మేజోళ్లయినా వేసుకునేందుకు అనుమతి అడగండి, తారు రోడ్డు మధ్యాహ్నం కాలుతుంది. పొద్దున బయల్దేరే ముందు మడమలకు, వేళ్ల మధ్య వ్యాజిలీన్ రాయండి. ఎక్కడైనా మంటగా అనిపిస్తే ఆ క్షణమే ఆగి అక్కడ టేపు అంటించండి, "ఇంకాస్త దూరం పోయి చూద్దాం" అనుకోవద్దు. బొబ్బ లేచాక దాని తోలు పీకేయకూడదు. షుగర్ ఉంటే మాత్రం బొబ్బను మీరు ముట్టుకోకుండా డాక్టరుకే చూపించండి.

ఇక మనసుకు. డిండిలో ఉన్నప్పుడు శ్రీశైలం గురించి ఆలోచించకండి. రాబోయే అన్నదానం టెంటు, చలివేంద్రం, చింతచెట్టు నీడ, అక్కడి వరకే మీ యాత్ర. దోమలపెంట, ఈగలపెంట వచ్చినప్పుడు వాటి గురించి ఆలోచించవచ్చు. డ్యాం దగ్గర కృష్ణ దాకా దిగి మళ్లీ గుడి దాకా ఎక్కే దారి ఆఖరిది, అలిసిన కాళ్లకు అది చాలా పరీక్ష పెడుతుంది. కాబట్టి ఆ ముందు రాత్రి పూర్తిగా నిద్రపోండి, భజన ఎంత బాగున్నా సరే.

వయసు గురించి మీరు అడగలేదు గానీ ఉత్తరంలో రాశారు. వినోబా భావే 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లికి నడిచి వచ్చినప్పుడు ఆయనకు 55 ఏళ్లు, ఒంట్లో బలం కూడా అంతంతమాత్రం. అక్కడ వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తానన్నారు, భూదానం అలా మొదలైంది, వినోబా నడక ఆ తర్వాత పదేళ్లకు పైగా దేశమంతా సాగింది. తెల్లవారకముందే లేచి నడక మొదలుపెట్టి, చేరిన ఊళ్లో ఆగి, అక్కడి జనంతో మాట్లాడి, మర్నాడు ఇంకో ఊరు. రోజుకో ఊరు చొప్పునే దేశమంతా తిరిగాడాయన. మీరూ నాలుగింటికే లేచి ఎండెక్కకముందే ఆ రోజు దూరంలో ఎక్కువ భాగం నడిచేయండి, మధ్యాహ్నం నీడలో పడుకోండి.

ప్రశ్న: ఇయర్‌ఫోన్లలో పాటలు పెట్టుకొని నడిస్తే అలుపు తెలియదు కదా సార్, అడవిలో కూడా పెట్టుకోవచ్చా? (నాగర్‌కర్నూల్ నుంచి)

జవాబు: అలుపు తెలియదన్నది నిజమే, ఊళ్లో చెరువు కట్ట మీద నడిచేటప్పుడు పెట్టుకో. నల్లమలలో వద్దు. అది అమ్రాబాద్ పులుల అడవి, ఎలుగుబంట్లు ఉంటాయి, పాములుంటాయి. వెనక నుంచి ఎవరైనా కేకేస్తే నీకు వినపడాలి. ఘాటు రోడ్డు మీద అయితే లారీ హారన్ వినపడాలి. పాట కావాలంటే నువ్వే పాడు, పక్కవాళ్లకు కూడా పనికొస్తుంది.

ప్రశ్న: సార్, నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. ఉత్తరకాశీలో 28 రోజుల బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సుకు సీటు వచ్చింది. ఎండలో పెరిగిన పిల్లను, మంచు చూడలేదు. మధ్యలో వదిలేసి వస్తానేమో, ఊళ్లో ఏమంటారో అని భయం. మనసును ఎలా తయారు చేసుకోవాలి?

జవాబు: బిడ్డా, ముందు శుభాకాంక్షలు. చాలా సంతోషంగా ఉంది.

మాలావత్ పూర్ణ సంగతి నీకు తెలుసు. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, వాళ్లకూ మంచు తెలియదు. కొండ మీద వాళ్ల మొదటి పాఠాలు మన భువనగిరి గుండు మీదే. ఆ గుండు దగ్గర నిలబడి పైకి చూస్తే నున్నగా, పట్టు దొరకనట్టు ఉంటుంది. దగ్గరికి పోయి చెయ్యి పెడితే వేలు పట్టేంత పగులు కనిపిస్తుంది, అది పట్టుకున్నాక ఇంకోటి కనిపిస్తుంది. నేను పిల్లల్ని అక్కడికి తీసుకుపోయింది ఇది చూపించడానికే.

నీకు ఎంత సమయం ఉందో రాయలేదు. రెండు నెలలున్నా చాలు. కోయిలకొండ కోటకో మన్యంకొండకో వారానికి రెండుసార్లు పో, బ్యాగులో మొదట ఐదు కిలోలు, తర్వాత పది, చివరికి పన్నెండు, పదిహేను కిలోల దాకా నీళ్ల సీసాలు పెట్టుకొని ఎక్కు. దిగేటప్పుడు మోకాళ్ల కోసం ఆ నీళ్లు పైనే చెట్లకు పోసేసి రా. ఇలా ఎక్కేటప్పుడు కావాలనే ఒకసారి వాన తుంపరలో, ఒకసారి చెమటకు తడిసిన బట్టలతో, ఒకసారి మూడ్ బాగాలేని రోజున పో. అక్కడ నిన్ను ఇబ్బంది పెట్టేది ఎత్తొక్కటే కాదు. చన్నీళ్లు, టెంటులో సరిగా పట్టని నిద్ర, భాష రాని తోటివాళ్లు, జొన్నరొట్టె లేని తిండి, అమ్మ గొంతు వినక పది రోజులు కావడం, ఇవన్నీ కలిసి ఒక సాయంత్రం మీద పడతాయి. అలాంటి సాయంత్రం తప్పకుండా వస్తుంది. వచ్చినప్పుడు, నేను చెప్పిన ఒక్క పని చెయ్యి. వదిలేయాలన్న నిర్ణయం రాత్రిపూట తీసుకోకు. వేడిగా ఏదైనా తాగి పడుకో, పొద్దున టిఫిన్ అయ్యాక కూడా అలాగే అనిపిస్తే అప్పుడు ఆలోచించు. నా దగ్గర నేర్చుకొని ఇలాంటి కోర్సులకు పోయిన పిల్లల్లో ముగ్గురు ఇదే మాట పట్టుకొని పూర్తి చేసుకొచ్చారు.

కానీ ఎత్తు మీద తలనొప్పి, వాంతి, అడుగు తూలడం ఉంటే అది మనసు సంగతి కాదు. గాలి పల్చబడిన చోట ఎంత బలమైన మనిషికైనా వస్తుంది. దాన్ని దాచిపెట్టి ధైర్యం చూపించకు, వెంటనే ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పు. కిందికి దిగమంటే దిగు. అలా దిగి వచ్చినా నిన్నెవరైనా ఏమైనా అంటే నా ఉత్తరం చూపించు.

పోయే ముందు ఒక చిన్న కాగితం మీద ఎందుకు పోతున్నావో నీ మాటల్లో రాసుకో. ఊరి కోసం, పేరు కోసం అని రాయకు, అవి చలిలో పనిచేయవు. నీకు నిజంగా ఏది ఇష్టమో అది రాయి. మంచు ముట్టుకోవాలని ఉంటే అదే రాయి. జాకెట్ లోపలి జేబులో పెట్టుకో.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, షుగర్ ఉంది. ప్రతి అమావాస్యకు చెరువుగట్టు గుట్ట ఎక్కి రామలింగేశ్వరుణ్ని చూడటం అలవాటు. ఈమధ్య సగం మెట్ల దగ్గర మనసు చచ్చిపోతోంది, దిగిపోదామనిపిస్తోంది. ధైర్యం చెప్పండి. (నకిరేకల్ నుంచి)

జవాబు: అయ్యా, ధైర్యం చెప్పే ముందు డాక్టరు దగ్గరికి పంపిస్తాను. ఎప్పుడూ ఎక్కే మెట్ల మీద ఈమధ్యనే ఇలా అవుతోందంటే అది మనసు అని తేల్చేయకూడదు. షుగర్ ఉన్నవారికి గుండె ఇబ్బంది నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగా, నీరసంగా కూడా కనిపించవచ్చు. ఈసీజీ తీయించుకోండి, మెట్ల సంగతి డాక్టరుకు వివరంగా చెప్పండి. ఆయన సరే అన్నాక, అమావాస్య రాత్రి జనంలో కాకుండా మామూలు రోజున పొద్దున్నే, ఇంట్లోవాళ్లు ఒకరు తోడుండగా ఎక్కండి. ఖాళీ కడుపుతో వద్దు. మాత్రలు వేసుకొని ఏమీ తినకుండా ఎక్కితే షుగర్ పడిపోతుంది, చెమటలు పట్టి చేతులు వణుకుతాయి, దాన్నే మనం మనసు చచ్చిపోవడం అనుకుంటాం. అలా అయితే వెంటనే కూర్చుని మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నోట్లో వేసుకోండి, పావుగంట ఆగండి, తగ్గకపోతే మళ్లీ వేసుకోండి. ఆ రోజుకు అక్కడి నుంచే దండం పెట్టుకొని దిగండి. గుడికి పైనున్న మూడు గుండ్లు ఎక్కడం మాత్రం ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా ఆపండి. చక్కెర పొట్లం చొక్కా జేబులోనే ఉండాలి, తోడొచ్చినవారి సంచిలో కాదు.